చెరువు కట్ట దగ్గర ఆగిపోయిన ఆట

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా మా ఫ్లాట్‌లో ఐదుగురు మిత్రులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడుపుతున్నాను. కాకతీయుల కాలాన్ని తలపించే ఒక రాజ్యాన్ని ఊహించి, రాజముద్ర దొంగతనం చుట్టూ నలభై పేజీల కథ రాసుకున్నాను. ఆటగాళ్లు మాత్రం దారిలో తగిలిన ఒక ఊరి చెరువు దగ్గరే ఆగిపోయారు. ఎంత లాగినా రాజధానికి రావడం లేదు. గుంపులో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు రెండు వారాలుగా రావడం లేదు. అడిగితే "పనుంది" అంటోంది. ఆమె పాత్ర ఒక విలుకత్తె. సంతలోనూ సత్రంలోనూ మగవాళ్లు ఆమె వెంటపడే సన్నివేశాలు నవ్వుకోవడానికి పెట్టేవాళ్లం. ఇంకొక మిత్రుడికి కొద్దిగా నత్తి ఉంది, ఇంగ్లిష్ కూడా ధారాళంగా రాదు. అతను పాచికలు వేయడం తప్ప నోరు విప్పడు. పోయిన నెల ఒక ఊళ్లో కొందరిని బావి దగ్గరికి రానివ్వని సన్నివేశం పెట్టాను. చాలా బలంగా వచ్చిందనుకున్నాను గానీ, మరో మిత్రుడు ఆ రాత్రంతా ముభావంగా ఉండిపోయాడు. అందరికీ చోటుండాలి, కథ కూడా బాగుండాలి. రెండూ ఒకేసారి సాధ్యమేనా?

సమాధానం: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాలుగు వేర్వేరు ఇబ్బందులు కనిపించాయి. రెండోసారి చదివినప్పుడు నాలుగూ ఒకే చోట పుట్టాయని అర్థమైంది. చెరువు దగ్గర ఆగిపోయినవారికీ, రావడం మానేసిన స్నేహితురాలికీ, మాట్లాడని ఆ ఇద్దరికీ మీ బల్ల దగ్గర కుర్చీలైతే ఉన్నాయి గానీ, వాళ్లు తీసుకునే నిర్ణయాన్ని బట్టి కథ మారే వీలు మాత్రం లేదు. అందువల్ల మీరు విడదీసి అడిగిన రెండూ నా దృష్టిలో ఒకటే పని. ఈ ఆటలో కథ పుట్టేదే ఆటగాళ్ల నిర్ణయాల్లోంచి కాబట్టి, వాళ్లలో ఎవరి నిర్ణయం చెల్లకుండా పోతే ఆ మేరకు కథే తరిగిపోతుంది.

ఈ ఆట ఎరగని పాఠకుల కోసం ఒక్క మాట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ రకం ఆటలు జనంలోకి వచ్చాయి. గేమ్ మాస్టర్‌గా కూర్చున్నవారు లోకాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలని చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇందులో ఒకరు గెలవడం, ఇంకొకరు ఓడడం అంటూ ఉండదు.

బుర్రకథలో కథకుడు తంబుర పట్టుకుని ముందుకూ వెనక్కీ నడుస్తూ కథ చెబుతాడు, రెండు పక్కలా ఉన్న వంతలు తందాన పలుకుతారు, కథ ఎక్కడ ముగుస్తుందో చెప్పేవాడికీ వినేవాడికీ ముందే తెలుసు. అది గొప్ప కళ. దాని అందం దానికుంది. మీరు రాసుకున్న నలభై పేజీలు ఆ పద్ధతికి సరిపోయే కథ. అందులో మీ మిత్రులకు వంతల పని తప్ప మరొకటి మిగల్లేదు. తమకంటూ ఏదైనా చేయడానికి చెరువు దగ్గర కాస్త చోటు దొరికింది గనుకనే వాళ్లు అక్కడ ఆగిపోయారు. వాళ్లను లాక్కురావడం మానేసి, మీరే కట్ట మీదికి వెళ్లండి.

కాకతీయుల రాజ్యాన్ని తలుచుకుని కథ అల్లారు కాబట్టి ఇది మీకు కొత్త విషయం కాదు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు పదమూడో శతాబ్దంలో కట్టినవి, ఈనాటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. అలాంటి రాజ్యంలో చెరువును దారిలో తగిలే దృశ్యంగా చూడలేం. అధికారం అంతా అక్కడే ఉంటుంది. తూము ఎవరు ఎత్తాలి, ఎవరి పొలానికి ముందు నీరు పారాలి, కట్ట బలహీనపడిందని తెలిసినా ఎవరు చెప్పకుండా దాచారు? ఈ ప్రశ్నల్లో రాజముద్ర దొంగతనం కన్నా ఎక్కువ కథ ఉంది. మీ నలభై పేజీలను పారేయాల్సిన పని కూడా లేదు. దొంగిలించిన ఆ ముద్రతోనే ఒక ఆజ్ఞాపత్రం ఈ ఊరికి వచ్చిందనుకోండి: కట్టను తెగ్గొట్టి నీటిని దిగువకు వదిలేయమని అందులో ఉందనుకోండి. రాజధానికి వెళ్లడం ఇష్టం లేని ఆటగాళ్ల ముంగిట్లోకి రాజధానే నడిచి వచ్చినట్టవుతుంది, అది కూడా వాళ్లు ఇప్పటికే ప్రేమించిన చోటికి.

ఇకమీదట సంఘటనల వరుస రాయకండి. ఒక పేజీలో నలుగురు మనుషుల పేర్లు రాసి, ప్రతి పేరు పక్కన ఆ మనిషికి ఏం కావాలో, ఎవరూ అడ్డుపడకపోతే వచ్చే పది రోజుల్లో ఏం చేస్తారో రాసుకోండి. ఇంకో కాగితం మీద ఒక వృత్తం గీసి ఆరు ముక్కలు చేసి, పైన "కట్టకు గండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఆటగాళ్లు ఆలస్యం చేసినప్పుడు, పాచిక ఎదురు తిరిగినప్పుడు ఒక్కో ముక్క నింపుతూ రండి. జాన్ హార్పర్ రూపొందించిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆటలో, గడియారాలని పిలిచే ఈ వృత్తాల పద్ధతి బాగా పనిచేస్తుంది. ఏ ఆటలోకైనా తెచ్చుకోవచ్చు. ఆ కాగితాన్ని మాత్రం గేమ్ మాస్టర్‌గా మీ ముందు నిలబెట్టుకునే అట్ట తెర వెనక దాచుకోకుండా బల్ల మధ్యలో ఉంచండి. ఆరింట్లో నాలుగు ముక్కలు నల్లబడ్డాయని అందరి కళ్లకూ కనిపిస్తే, ప్రశ్నలు అడగడానికి వెనకాడేవారికి కూడా మిగిలినవారికి తెలిసినంతా తెలుస్తుంది.

పాచిక ఓడినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి. విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఆటలో రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. పాత్ర బలాన్ని కలుపుకుని మొత్తం పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పని నెరవేరుతుంది, ఏడు నుంచి తొమ్మిది మధ్య వస్తే పని అవుతుంది గానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి, ఏడు కన్నా తక్కువ వస్తే గేమ్ మాస్టర్ కథను కొత్త మలుపు తిప్పుతారు. మీ ఇరవై ముఖాల పాచికతోనూ ఇదే మనసులో పెట్టుకోవచ్చు. "తలుపు తెరుచుకోలేదు" అంటే ఆట అక్కడే చచ్చిపోతుంది. "తెరుచుకుంది, కానీ ఆ చప్పుడుకు తూము కావలివాడు లేచి దీపం వెలిగించాడు" అంటే తర్వాతి ఆటగాడికి చేయడానికి పని దొరుకుతుంది. ఒకసారి ఓడి, అందరూ నిట్టూర్చగా విన్న మనిషి మళ్లీ పాచిక అందుకోవడానికి జంకుతాడు. మాట్లాడని మీ మిత్రుడి విషయంలో ఇది కొంత పని చేస్తూ ఉండవచ్చు.

ఇక బావి సన్నివేశం. కుల వివక్ష ఆటలోకి రాకూడదని నేను అనను. మన ఊళ్లను పోలిన లోకాన్ని ఊహించి అది మాత్రం లేదనడం కూడా ఒక రకమైన దాపరికమే. కానీ రెండు ప్రశ్నలు మిమ్మల్ని అడగాలని ఉంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఎవరింట్లో ఈ జ్ఞాపకం ఉందో తెలుసుకోకుండా, కనీసం ఇలాంటిది రాబోతోందని చెప్పకుండా ఎందుకు మొదలుపెట్టారు? ఆ సన్నివేశంలో నీళ్లు దొరకనివారిలో ఒక్కరికైనా మీరు పేరు పెట్టారా? పేరు లేకపోతే వాళ్లు మిగిలిన ఆటగాళ్లు జాలిపడటానికి నిలబెట్టిన బొమ్మలే అవుతారు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు, నీరు నిరాకరించబడినవారే ఆ రోజు కథ నడిపారు. ఆటలో ఈ విషయం తేవాలంటే తేవాల్సింది అలాగే: నిర్ణయం తీసుకునే మనుషులుగా, ఎత్తుగడ ఉన్న మనుషులుగా. అది కూడా అందరి సమ్మతి తీసుకున్నాకే.

ఆ మిత్రుడితో ఒంటరిగా మాట్లాడండి, క్లుప్తంగా మాట్లాడండి. "ఆ సన్నివేశం ముందు చెప్పకుండా పెట్టడం నా తప్పు. దాన్ని కథలోంచి తీసేయమంటే తీసేస్తాను, వేరే విధంగా ముగించమంటే ముగిస్తాను" అంటే చాలు. ఎందుకు బాధపడ్డాడో వివరించమని మాత్రం అడగకండి. చెప్పాలనిపిస్తే తనే చెబుతాడు. మీకు పాఠం చెప్పే బాధ్యత అతని మీద పెట్టకూడదు.

దీనికి దగ్గరి విషయమే ఇంకొకటి ఉంది. పుట్టుకతోనే చెడ్డవాళ్లయిన జాతులు ఉంటాయన్న ఊహ ఈ ఆటలో మొదటి నుంచీ ఉంది. 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకంలో "రేస్" అన్న మాటను తీసేసి "స్పీషీస్" అని పెట్టారు. మనం తెలుగులో ఆడేటప్పుడు "జాతి", "తక్కువ జాతి" అన్న మాటలు నోటికి తేలిగ్గా వచ్చేస్తాయి, అవి మన చెవిలో ఎలా మోగుతాయో చెప్పనక్కర్లేదు. గాబ్లిన్లనే పొట్టి రాక్షసులు ఊరి మీద పడితే వాళ్లు ఎందుకు పడ్డారో ఒక కారణం రాసుకోండి. వాళ్ల చెరువు ఎండిపోయి ఉండవచ్చు.

ఎనిమిది నెలలు గడిచాక ఇప్పుడు ఆట నియమాలు మాట్లాడుకోవడం బాగుంటుందా అని మీకు సందేహం రావచ్చు. బాగుంటుంది. వచ్చే వారం పాచికలు బయటికి తీయకుండా కూర్చోండి. ఆట మొదలుకాక ముందు జరిపే ఇలాంటి సమావేశాన్ని సెషన్ జీరో అంటారు, నడుమ జరిపినా నష్టం లేదు. ఇలాంటి ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన ఒక విభజన ఇందులో చాలా ఉపయోగపడుతుంది: కథలోకి అసలే రాకూడని విషయాలు గీతకు అవతలివి, కథలో జరిగినా మనం చూడకుండా "మర్నాడు ఉదయం" అని ముందుకు వెళ్లిపోయే విషయాలు తెర వెనకవి. ఈ జాబితా కోసం అందరి ఎదుటా చెయ్యెత్తమనకండి. ప్రతి ఒక్కరూ మీకు విడిగా మెసేజ్ పంపేలా చూసి, పేర్లు లేకుండా అన్నిటినీ కలిపి ఒకే కాగితం మీద రాయండి, మీవి కూడా కలిపి.

జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్-కార్డు గురించి మీరు వినే ఉంటారు. బల్ల మీద ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి పెడతారు; ఎవరైనా దాన్ని తాకితే, కారణం అడగకుండా ఆ విషయాన్ని వదిలేసి ముందుకు పోతారు. మంచి పద్ధతి. అయితే మన మధ్య మొహమాటం అనేది ఒకటుందని మరిచిపోకూడదు. భోజనానికి కూర్చుంటే కూర బాగాలేదని చెప్పలేనివాళ్లం, నలుగురు నవ్వుతుండగా కార్డు మీద వేలు పెడతామా? అందుకే మొదటి రెండు మూడు సార్లు ఆ కార్డును మీరే వాడండి, చిన్న విషయానికైనా సరే. సాలీడు వర్ణన మొదలుపెట్టి, "ఇది నాకే బాగాలేదు, వదిలేద్దాం" అని కార్డు తాకి, సాలీడును తేలుగా మార్చేయండి. ఆకాశమేమీ విరిగిపడలేదని అందరూ చూస్తారు. టీ విరామంలో "బాగుందా?" అని అడగకండి; దానికి వచ్చే జవాబు "పర్వాలేదు" ఒక్కటే, ఆ మాట వెనక ఏదైనా దాక్కోగలదు. "ఈ ఖైదు సన్నివేశాన్ని ఇంకా కొనసాగిద్దామా, ఇక్కడితో ముగించి కట్ట దగ్గరికి వెళ్దామా?" అని రెండు దారులు చూపించి అడగండి. దారి ఎంచుకోవడానికి మొహమాటం అడ్డురాదు.

నత్తి ఉన్న మీ మిత్రుడి విషయం. పాత్రకు బలం ఉందని నిరూపించడానికి బల్ల ఎత్తి చూపమని మనం ఏ ఆటగాణ్నీ అడగం. మరి పాత్రకు వాగ్ధాటి ఉందని నిరూపించడానికి ఆటగాడు ధారాళంగా మాట్లాడాలని ఎందుకు అనుకుంటాం? "మా వైద్యుడు కావలివాడికి అతని బిడ్డ జ్వరం సంగతి గుర్తు చేస్తాడు" అని ఒక్క వాక్యం చెబితే సరిపోతుంది. మిగతాది పాచిక చూసుకుంటుంది, ఆ మాటలు కావలివాడి మీద ఎలా పనిచేశాయో మీరు వర్ణించండి. అతను వాక్యం మధ్యలో ఆగినప్పుడు మాట అందించకండి, ఎవరినీ అందించనివ్వకండి. ఎవరు ముందు గొంతెత్తితే వారిదే వంతు అన్న పద్ధతి మీ బల్ల దగ్గర ఉంటే మార్చి, పోరాటం లేని సన్నివేశాల్లో కూడా వరుసగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లండి. నిశ్శబ్దంగా ఉండే ప్రతివారూ నలిగిపోతున్నారని కాదు. వినడమే ఇష్టమైనవారూ ఉంటారు. ఏది నిజమో అతన్నే అడగాలి.

ఇంగ్లిష్ సమస్యకు మీరు చేయగలిగింది చాలా ఉంది. 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, దాన్ని అనువదించి పంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు అతని పాత్రకు ఉన్న శక్తులను తెలుగులో ఒక పేజీకి కుదించి ఇవ్వండి. నేను చూసినంతలో, చేతిలో ఆ ఒక్క పేజీ ఉన్న ఆటగాడికీ లేని ఆటగాడికీ చాలా తేడా ఉంటుంది.

భాష గురించి మాట్లాడుతున్నాను కాబట్టి నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేను నడిపిన ఆటలో రాజులూ మంత్రులూ పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. పడవవాడికీ వంటవాడికీ, నవ్వు పుట్టిస్తుందని, ఉత్తరాంధ్ర యాస పెట్టాను. అందరూ నవ్వారు. మూడో వారం ఆట అయిపోయాక నేను పాచికలు సంచిలో వేసుకుంటుంటే, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ఆటగాడు తన చేతిలో మిగిలిన పాచికను వేళ్ల మధ్య తిప్పుతూ, నా వైపు చూడకుండా, "మా అమ్మ ఇలాగే మాట్లాడుతుందండి" అన్నాడు. అంతే. పాచిక సంచిలో వేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి వారం అందరి ముందూ క్షమించమని అడిగి, ఆ రాజ్యంలో అందరూ భయపడే న్యాయాధికారిణికి ఆ యాసనే ఇచ్చాను. ఆమె మొదటి తీర్పు చెబుతుండగా అతను నన్ను ఆపి, "వదిలేయండి అనదండి, ఒగ్గేయండి అంటుంది" అని సరిదిద్దాడు. అక్కడి నుంచి ఆ పాత్ర మాటలు ఇద్దరం కలిసి రాశాం. మీ రాజ్యంలో ఎవరు ఏ యాస మాట్లాడుతున్నారో, ఎవరి యాస వినగానే నవ్వు వస్తోందో ఒకసారి రాసి చూసుకోండి.

ఆడా మగా అన్న విభజనలో ఇమడని పాత్రను ఎవరైనా ఎంచుకుంటే తెలుగులో ఎలా అని కొందరు గేమ్ మాస్టర్లు నన్ను అడుగుతుంటారు. మన భాష ఇక్కడ సాయం చేస్తుంది. "నేను కట్ట ఎక్కాను", "నువ్వు కట్ట ఎక్కావు" అన్న వాక్యాల్లో ఆడా మగా తేడా లేదు, ఆటలో ఎక్కువ భాగం నడిచేది ఈ రెంటితోనే. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే "ఎక్కాడు", "ఎక్కింది" అని చీలుతుంది. అక్కడ "వారు ఎక్కారు" అంటే సరిపోతుంది. ఆ ఆటగాడికి ఏది ఇష్టమో అడిగి, అందరూ అదే వాడేలా చూడండి.

ప్రతి ఆదివారం ఆట ముగిశాక ఒక చిన్న పని చేయండి. ఐదు పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన, ఆ రోజు వారి నిర్ణయం వల్ల లోకంలో ఏం మారిందో ఒక వాక్యం రాయండి. ఎంతసేపు మాట్లాడారన్నది లెక్కపెట్టకండి. ఏ పేరు పక్కన రెండు వారాలు వరుసగా ఖాళీ ఉందో, వచ్చే వారం సన్నాహం ఆ పాత్రతో మొదలుపెట్టండి. మీ విలుకత్తె పేరు పక్కన ఈ ఎనిమిది నెలల్లో ఎన్ని వాక్యాలు రాయగలరో ఆలోచించారా? సంతలో ఆమె వెంటపడిన ప్రతిసారీ ఆమె చేయగలిగిందల్లా ఎవరో చేసినదానికి బదులివ్వడమే. బయట రోజూ పడే ఇబ్బందినే ఆదివారం సాయంత్రం నవ్వు పేరుతో మళ్లీ ఆమె ముందు పెట్టారు. ప్రేమ, సరసం లాంటివి ఆటగాళ్లు కోరితేనే, కోరినవారి పాత్రలకే రావాలి.

ఇంకొక సంగతి మీ ఉత్తరంలో మీరు గమనించకుండానే రాశారు: ఆట రాత్రి పదకొండుకు ముగుస్తుంది. ఆ తర్వాత ఆమె ఒక్కతే క్యాబ్ మాట్లాడుకుని ఊరి అవతలికి వెళ్లాలేమో, సోమవారం ఉదయం ఆఫీసు ఉంటుందేమో, ఇంట్లో ఎవరికి ఏం చెప్పాల్సి వస్తోందో. ఆటను మధ్యాహ్నం రెండుకు మొదలుపెట్టి ఆరింటికి ముగించండి. అందరి మేలు కోసం మార్చండి, ఆమె పేరు చెప్పి కాదు.

ఆమెకు ఫోన్ చేయకండి. ఫోన్‌లో అయితే అప్పటికప్పుడు "అయ్యో, అదేం లేదు" అనేయాల్సి వస్తుంది. మెసేజ్ పెట్టండి. నీ పాత్రతో మేం చేసిన వెకిలి సన్నివేశాలు తప్పని ఇప్పుడు అర్థమైందని, అవి ఇక ఉండవని, ఆట వేళ కూడా మార్చామని, రావాలనిపిస్తే రమ్మని, జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోమని రాయండి. మిగిలిన నలుగురికీ ఇదే విషయం విడిగా చెప్పండి, ఎందుకంటే నవ్వింది మీరొక్కరే కాదు. ఆమె వస్తే, మొదటి ప్రశ్న ఆమెనే అడగండి: ఈ చెరువు దగ్గర నీ విలుకత్తెకు ఏం కావాలి? రాకపోతే ఆ పాత్రను కథలో చంపేయకండి, దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వకండి. కట్ట మీద కాపలాకు వెళ్లిందని చెప్పి అక్కడే ఉంచండి. ఆ పాత్ర వివరాలు రాసుకున్న కాగితాన్ని, క్యారెక్టర్ షీట్‌ను, మాత్రం ఒక కవరులో పెట్టి ఆమెకు పంపించేయండి, అది ఆమెది.